సిక్కా మీది బొమ్మ, సందూఖ్‌లోని అమానత్

మా చండ్రుగొండ వైపు పుట్టిన ముసల్మాను పిల్లలకు అలిఫ్ బేతో పాటు ఒక ఖిస్సా కూడా వస్తుంది. తానీషా ఖిస్సా. పాల్వంచ తహసీల్దారుగా ఉన్న కంచర్ల గోపన్న సర్కారు పైకంతో భద్రాచలంలో గుడి కట్టించాడు. గోల్కొండలో పన్నెండేళ్లు ఖైదులో ఉన్నాడు. ఒక రాత్రి ఇద్దరు కుర్రాళ్లు తానీషా పడకగదికి వచ్చి ఆరు లక్షల మాడలు గుమ్మరించి, రసీదు రాయించుకుని వెళ్లారు. వాళ్లే రామలక్ష్మణులని ఊళ్లో అంటారు. ఆ మాడల్లో రెండు ఇప్పటికీ గుడిలో ఉన్నాయని భద్రాచలం వెళ్లొచ్చినవాళ్లు చెబుతారు.

ఇదే ఖిస్సా మా దాదీ చెబితే వేరేగా ఉండేది. దేవుడు వచ్చాడా రాలేదా అన్న సంగతి ఆమె ఎత్తేది కాదు. "అర్ధరాత్రి ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్లొచ్చి పైసలిస్తే బాద్‌షా లెక్కపెట్టుకుని రసీదు ఇచ్చిండు బేటా. తెల్లారి మాట తప్పలే. హిసాబ్ అంటే అట్లుండాలె" అనేది. తానీషా అసలు పేరు అబుల్ హసన్ కుతుబ్ షా. 1672లో తఖ్త్ ఎక్కాడు. 1687లో ఔరంగజేబు గోల్కొండను పట్టుకుని ఆయన్ను దౌలతాబాద్ కోటలో ఖైదు చేశాడు. అంత పెద్ద తారీఖ్‌లో మా దాదీకి గుర్తున్నది ఆ రసీదు ఒక్కటే.

ఈ మాట ఇప్పుడు ఎందుకంటే, అబ్బా ఇంతెఖాల్ అయ్యాక విరాసత్ పంచుకోవడానికి అన్నదమ్ములం, అక్కచెల్లెళ్లం కూర్చున్నాం. దాదీ సందూఖ్ తెరిచాం. అందులో దాదా కిరాణా దుకాణం బహీలు నాలుగు, అత్తరు సీసా, నిజాం కాలం హాలీ సిక్కాలు కొన్ని. వాటి మీద చార్మినార్ బొమ్మ. పిల్లలు వాటినే చూస్తున్నారు. అడుగున ముడివేసిన చిన్న గుడ్డ మూట ఉంది. విప్పితే ఒక వెండి బిళ్ల. ఒకవైపు సింహాసనం మీద రాముడు, సీత, పక్కన గొడుగు పట్టినవాళ్లు, కింద మోకరిల్లిన హనుమంతుడు. ఇంకోవైపు విల్లంబులతో నడిచి వెళ్తున్న ఇద్దరు అన్నదమ్ములు. చుట్టూ నాగరీ అక్షరాలు.

ముసల్మాను ఇంటి సందూఖ్‌లో రామపట్టాభిషేకం! గదిలో ఒక నిమిషం ఎవరూ మాట్లాడలేదు.

మా బడే భాయీ నమాజీ మనిషి. "ఇంట్లో తస్వీర్ ఉంటే రహమత్ ఫరిష్తాలు రారు. కంసాలి దగ్గర కరిగించి ఆ పైసలు గరీబులకు ఇచ్చేద్దాం" అన్నారు. ఆయన కోపంగా అనలేదు, భయపడి అన్నారు. ఛోటా భాయీది ఇంకో లెక్క. దాదా దుకాణంలో ఎవరో కుదువ పెట్టి విడిపించుకోలేదు కాబట్టి అది మనదేనని, కొత్తగూడెంలో తెలిసినవాళ్లున్నారని, ఇలాంటి రాములవారి బిళ్లకు లక్షల్లో వస్తుందని అన్నాడు. ఆపా ఒక్కమాటే అంది: "ముందు ఇదేమిటో, ఎవరిదో తెలుసుకోండి."

తమ్ముడు చెప్పిన తెలిసినవాళ్లు మూడో రోజే కారేసుకుని వచ్చారు. నాలుగు బియ్యపు గింజలు అడిగారు. బిళ్ల దగ్గరికి గింజలు వాటంతటవే జరిగితే 'రైస్ పుల్లింగ్' సిక్కా అట. విదేశాల నుంచి సైంటిస్టులు వచ్చి పరీక్ష చేస్తారట, దానికి ముందుగా మనమే కొంత కట్టాలట, ఆ తర్వాత కోట్లట! మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఈ పేరుతో ఎన్ని ఇళ్లు మునిగాయో పేపర్లు చదివేవాళ్లకు తెలుసు. గింజలకు ఇనుప రజను పట్టించి, నాణెం కింద అయస్కాంతం పెడితే గింజలు జరగక ఏం చేస్తాయి? ఆపా వాళ్లకు చాయ్ ఇచ్చి పంపించేసింది. తమ్ముడు ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. వాడికి కూతురి నికాహ్ ఖర్చు మీద పడి ఉంది. పైసా అవసరం మనిషిని ఎటు లాగుతుందో మనకు తెలియనిది కాదు కదా.

ఆ బిళ్ల ఏమిటో నేను తెలుసుకున్నంతవరకు చెబుతాను. మీ ఇళ్లలోనో చుట్టాల ఇళ్లలోనో ఇలాంటివి ఉండొచ్చు.

వీటిని రామటంకాలు అంటారు. ఏ బాద్‌షా టంకసాలలోనూ బజారు చెలామణి కోసం కొట్టినవి కావు. గుళ్ల దగ్గర, తీర్థాల దగ్గర పూజకూ గుర్తుకూ కొనుక్కున్న బిళ్లలు. బంగారువీ, వెండివీ, ఇత్తడివీ ఉంటాయి. చాలావాటి మీద నాగరీ అంకెల్లో 51740 అని ఉంటుంది. అది చూసి ఐదు వందల ఏళ్లనీ, వేల ఏళ్లనీ అమ్మేవాళ్లు చెబుతారు. అది ఏ సంవత్సరమూ కాదు. ఇంకొక రకం ఉంది. ఒకవైపు రామదర్బారు, ఇంకోవైపు ఈస్టిండియా కంపెనీ పేరు, 1818, అర్ధణా అని ఉంటుంది. ఇది పచ్చి నకిలీ. దేశమంతటికీ ఒకే తీరున కంపెనీ అర్ధణా కొట్టింది 1835లో. దాని మీద ఉన్నది కంపెనీ ముద్ర, రాముడు కాడు. రైస్ పుల్లింగ్ వాళ్లు ఎక్కువగా చూపించేది ఈ నకిలీనే.

అయితే దేవుళ్ల బొమ్మలతో నిజంగా చెలామణి అయిన నాణేలు లేవా అంటే, బోలెడు. విజయనగరం వరహాల మీద ఉమామహేశ్వరులు, బాలకృష్ణుడు ఉన్నారు. మాడ అంటే ఆ వరహాలో సగం. చెన్నపట్నంలో కంపెనీవాళ్లు 1808 ప్రాంతంలో కొట్టిన పగోడాల మీద ఒకవైపు గుడి గోపురం, ఇంకోవైపు విష్ణువు. ఇంగ్లీషు, ఫార్సీ, అరవ అక్షరాలతో పాటు మన తెలుగు అక్షరాలు కూడా వాటి మీద ఉన్నాయి. మన పేర్లున్న బాద్‌షాలదీ ఇదే దారి. ముహమ్మద్ ఘోరీ బంగారు సిక్కా మీద కూర్చున్న లక్ష్మి ఉంది, వెనక నాగరీలో ఆయన పేరుంది. అక్బర్ ఏలుబడి యాభయ్యో ఏట సీతారాముల బొమ్మతో అర మొహర్ కొట్టించాడు. హైదర్ అలీ మైసూరు చేతికి రాగానే పాత శివపార్వతుల బొమ్మను తన వరహాల మీద అలాగే ఉంచి, వెనకవైపు తన పేరులోని మొదటి హర్ఫ్ 'హే' వేయించాడు. జనం ఏ సిక్కాను నమ్మితే ఆ సిక్కానే బజారులో నడుస్తుందని వాళ్లకు తెలుసు.

తానీషా సొంత రాగి సిక్కాల మీద మాత్రం బొమ్మ లేదు, ఫార్సీ లిపి రాతే ఉంది. ఖైర్‌తో, సఆదత్‌తో ముగిసింది అన్న అర్థం వచ్చే మాట అది. అబ్దుల్లా కుతుబ్ షా కాలం నుంచి వస్తున్న రాత. కుతుబ్ షాహీ నిజంగానే ఆయనతో ముగిసిపోయింది.

ఇదంతా చెబితే బడే భాయీ ఒప్పుకోలేదు. "బాద్‌షాలు మనకు దలీల్ కాదు" అన్నారు. న్యాయమైన మాటే. బాద్‌షాలు తఖ్త్ కోసం ఏమైనా చేస్తారు. కాబట్టి బాద్‌షాలను పక్కనపెట్టి మదీనా వెళ్దాం.

మన హుజూర్ (స.అ.స.) కాలంలో అరబ్బులకు సొంత సిక్కా లేదు. మదీనా బజారులో నడిచిన దీనార్లు రూమ్ కైసర్‌వి, వాటి మీద సిలువ. దిర్హమ్‌లు ఈరాన్ కిస్రావి. వాటి వెనక అగ్నిగుండం, దానికి అటూ ఇటూ ఇద్దరు కాపలా మనుషులు. మహర్ ఇచ్చింది వాటితోనే, జకాత్ లెక్క కట్టింది వాటితోనే. ఇరవై దీనార్లు, రెండు వందల దిర్హమ్‌లు అన్న నిసాబ్ ఆ సిక్కాల తూకం మీద నిలబడింది. మనం ఈ రోజు ఏడున్నర తులాల బంగారం, యాభై రెండున్నర తులాల వెండి అంటున్నది ఆ తూకాన్నే. ఈరాన్ గెలిచాక కూడా ఏళ్ల తరబడి అదే అగ్నిగుండం దిర్హమ్ అంచున 'బిస్మిల్లా' చేర్చి కొట్టారు. బొమ్మలు తీసేసి అక్షరాలు మాత్రమే వేసిన దీనార్ ఖలీఫా అబ్దుల్ మలిక్ తెచ్చింది హిజ్రీ 77లో, అంటే 696-97లో.

ఇంకా వెనక్కి వెళ్దాం. ప్రతి జుమాకి మనం సూరా కహఫ్ చదువుతాం. గుహలో నిద్రలేచిన ఆ నౌజవానులు తమలో ఒకరికి వెండి సిక్కా ఇచ్చి, ఊళ్లోకి వెళ్లి శుభ్రమైన తిండి తెమ్మని పంపుతారు. ఆ ఊరు అఫ్సూస్ అని, బాద్‌షా దఖ్యానూస్ అని చాలా తఫ్సీర్లు చెబుతాయి. రూమీల తారీఖ్‌లో ఆ ఊరు ఎఫెసస్, ఆ బాద్‌షా 249 నుంచి 251 వరకు ఏలిన డెసియస్. రూమ్ ఏలుబడిలో ఎఫెసస్ లాంటి సూబా నగరాలు తమ రాగి నాణేలు తామే కొట్టుకునేవి. వాటి మీద ఊరి దేవత, ఊరి గుడి, ఊరి ఉత్సవాల ఆటల పేర్లు, గెలిచినవాళ్లకు ఇచ్చే కిరీటాలు. ఎఫెసస్ నాణెం మీద ఉండేది అర్తెమిస్ దేవి, ఆమె స్తంభాల గుడి. మన భాషలో చెప్పాలంటే ఆ ఊరి జాతర ఆ ఊరి సిక్కా మీదే ఉంది. ఇక కైసర్ వెండి సిక్కా అంటే దాని మీద కైసర్ మొహమే. బుతుల పూజ వద్దని ప్రాణం అరచేత పెట్టుకుని పారిపోయిన పిల్లలు వాళ్లు. వాళ్ల జేబులో ఉన్నవి ఆ రాజ్యం సిక్కాలే! వాటితోనే హలాల్ తిండి కొనుక్కోమన్నారు. బొమ్మ వాళ్ల ఈమాన్‌ను తాకలేదు. ఎందుకంటే ఆ బొమ్మకు వాళ్లు సజ్దా చేయలేదు.

ఇంట్లో తస్వీర్ తగిలించుకోవచ్చని చెప్పడం లేదు. ఆ మసలా ఉలమాలది. మా మసీదు ఇమాం సాబ్ దగ్గరికి ముగ్గురు అన్నదమ్ములం కలిసే వెళ్లాం. ఆయన బిళ్లను చేతిలోకి తీసుకుని కాసేపు చూసి, "దీని మీద ఎవరున్నారో తర్వాత. ఇది ఎవరి మాలో ముందు తేల్చండి. హక్‌దారు ఉంటే కరిగించే హక్కూ అమ్మే హక్కూ మీకు లేవు" అన్నారు. ఆలె ఇమ్రాన్ సూరాలోని డెబ్బై ఐదో ఆయత్ గుర్తుచేశారు. కొందరికి ధనరాశిని అమానత్‌గా ఇచ్చినా తిరిగి ఇస్తారని, కొందరికి ఒక్క దీనార్ ఇచ్చినా నెత్తిన నిలబడితే తప్ప ఇవ్వరని చెప్పే ఆయత్ అది. ఆ దీనార్ రూమ్ వాళ్లదే కదా, దాని మీద సిలువే కదా అని నాకు అప్పుడు తట్టింది. హిజ్రత్ రాత్రి హుజూర్ (స.అ.స.) హజ్రత్ అలీని వెనక ఉంచింది కూడా మక్కావాళ్ల అమానత్‌లు తిరిగి ఇవ్వడానికే. ఆ మక్కావాళ్లు ఎవరిని పూజించేవాళ్లో మనకు తెలుసు.

ఇంటికొచ్చి దాదా బహీలు తిరగేశాం. ఉర్దూ రాత, ఫస్లీ లెక్క. 1357 ఫస్లీ బహీ చివరి పేజీలో ఒక కోయ ఇంటిపేరు, ఊరు, పక్కన "చాందీ కా రామ్ సిక్కా, ఏక్ అదద్. అమానత్. రహన్ నహీ" అని ఉంది. వెండి రామ బిళ్ల ఒకటి, దాచమని ఇచ్చింది, కుదువ కాదు అని. తమ్ముడు ఆ మూడు ముక్కలు రెండుసార్లు చదివాడు. నిజానికి రహన్ అయినా సరే, అప్పు తీరలేదని వస్తువు దానంతట అది మనదైపోదు. అమ్మితే అప్పు పోను మిగిలింది హక్‌దారుదే. కానీ ఇక్కడ ఆ మాట కూడా లేదు.

1357 ఫస్లీ అంటే 1947 అక్టోబరు నుంచి ఏడాది. రజాకార్ల రోజులు. అడవి అంచు గూడెం మనిషి, ఇల్లు దోచుకుంటారని భయపడి, తన ఇంట్లో ఉన్న ఒక్క వెండి వస్తువును ఒక సాయిబు దగ్గర దాచాడు. అదే రాజ్యంలో, అదే రోజుల్లో! 1948 సెప్టెంబరులో పోలీస్ యాక్షన్ వచ్చింది. అప్పుడు భయం మన ఇళ్లకు వచ్చింది. మా దాదీ పసిబిడ్డగా ఉన్న అబ్బాను చంకనేసుకుని పదిహేను రోజులు ఆ మనిషి గూడెంలోనే తలదాచుకుంది. అంబలి తాగాం, చాపల మీద పడుకున్నాం అని చెప్పేది. ఆ గూడెం పేరూ బహీలోని ఊరి పేరూ ఒకటే. ఆ తర్వాత ఆ మనిషి జ్వరంతో పోయాడట, భార్య పిల్లలను తీసుకుని పుట్టింటి వైపు వెళ్లిపోయిందట. దాదా సంతల్లో అడిగాడు, అబ్బా కూడా అడిగారు. ఆచూకీ దొరకలేదు.

మాకు దొరకడానికి కారణం మా చెల్లెలు. ఆశా కార్యకర్తగా గూడేలన్నీ కాలినడకన తిరుగుతుంది. ఏ ఇంటి కోడలు ఏ ఊరి ఆడపిల్లో దానికి తెలుసు. ఇంటిపేరు పట్టుకుని నెల రోజులు అడగ్గా ములకలపల్లి వైపు ఒక ముసలామె ఉందని తెలిసింది. ఆ మనిషి కోడలు. ఎనభై దాటి ఉంటాయి.

దొరికిన వస్తువు గురించి హుజూర్ (స.అ.స.) నేర్పిన ఖాయిదా ఒకటుంది. దాని సంచినీ కట్టిన తాడునూ గుర్తు పెట్టుకుని, ఏడాది పాటు చాటించమన్నారు. అడగడానికి వచ్చినవాళ్లు ఆ గుర్తులు చెప్పగలగాలి. మాది దొరికిన వస్తువు కాకపోయినా ఆ ఖాయిదానే పాటించాం. చెల్లెలు బిళ్ల సంగతి ఎత్తకుండా, "మీ అత్త ఎప్పుడైనా ఏదైనా దాచమని ఎవరికైనా ఇచ్చిందా అవ్వా?" అని అడిగింది. ముసలామె తడుముకోలేదు. "మా మామ ఇచ్చిండు. చండ్రుగొండ సాయిబు కాడ మా రాములోరు ఉన్నడని అత్త చెప్పేది. తోడు గవ్వ గూడ కట్టిందట" అంది.

మూటలో బిళ్లతో పాటు గవ్వ ఉంది. మేము ఎవరికీ చెప్పలేదు. పిల్లలు ఆడుకోవడానికి తీస్తే ఆపా మళ్లీ అందులోనే పెట్టి ముడివేసింది.

అందరం కలిసి వెళ్లాం. ఇవ్వాల్సింది ఎవరు అని అనుకుంటుండగా బడే భాయీయే మూట అందుకుని ఆమె చేతిలో పెట్టారు. ఆమె ముందు గవ్వనే తీసి కళ్లకద్దుకుంది. తర్వాత బిళ్ల. భద్రాచలంలో రాములవారి విగ్రహాలు మొదట పుట్టలో చూసింది పోకల దమ్మక్క అనే అడవిబిడ్డ అని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. ఆ గుడితో వాళ్ల ముడి తహసీల్దారు గోపన్న కంటే పాతది. ఆమె మమ్మల్ని చూసి, "మీ దాదమ్మ మా ఇంట్ల ఉన్నదంట గద. పిలగాడు బతికిండా?" అని అడిగింది. ఆ పిల్లగాడు మా అబ్బా. డెబ్బై ఏళ్లు దాటి బతికి, మొన్ననే పోయాడని చెప్పాం. ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది. వచ్చేటప్పుడు ఒక సీసాలో అడవి తేనె పోసి ఇచ్చింది. దారిలో బడే భాయీ "అమానత్ అదా హోగయీ" అని ఒక్కమాట అన్నారు, అంతే.

తమ్ముడి కూతురి నికాహ్ మొన్న షవ్వాల్‌లో అయింది. తలా ఒక చెయ్యి వేశాం. లక్షలు రాలేదు, బర్కత్ తగ్గలేదు, అల్‌హందులిల్లాహ్.

ఇప్పుడు మీకు చెప్పాల్సిన నాలుగు మాటలు. పెద్దలు పోయాక విరాసత్ పంచుకునే ముందు ఖర్జ్ తీర్చాలని అందరికీ తెలుసు. అమానత్ అయితే అసలు విరాసత్‌లోకే రాదు, అది విడిగా తీసి పెట్టాలి. పాత బహీ కనిపిస్తే ఉర్దూ వచ్చినవాళ్ల చేత చదివించకుండా పాత పేపర్లవాడికి వేయకండి. పాత సిక్కాను తోమకండి, కరిగించకండి, బియ్యం గింజల మనుషులను గడప ఎక్కనివ్వకండి. పునాదిలోనో పొలంలోనో భూమి లోపల దొరికితే అది వేరే సంగతి, 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ఉంది. కలెక్టరుకు తెలియజేయాలి.

ఇంకొకటి. ఇవ్వాల్సిందీ రావాల్సిందీ ఉన్న ముసల్మాను వసీయత్ రాసి పెట్టుకోకుండా రెండు రాత్రులు గడపరాదని మనకు తాలీమ్ ఉంది. మా దాదా మూడు ముక్కలు రాసి పెట్టకపోతే ఆ బిళ్ల ఈపాటికి కొలిమిలో కరిగేది, లేదంటే కారులో వచ్చినవాళ్ల చేతిలో పడేది. నేను కూడా ఒక నోట్‌బుక్ కొన్నాను. ఎవరి వస్తువు నా దగ్గరుందో, నాది ఎవరి దగ్గరుందో తెలుగులోనే రాస్తున్నాను, మా పిల్లలకు ఉర్దూ చదవడం సరిగా రాదు కనుక.

ఈ జుమాకి కహఫ్ చదివేటప్పుడు ఆ వెండి సిక్కా దగ్గర ఒక్క నిమిషం ఆగి చూడండి. వస్సలాం.